పాత హెడ్‌లైట్‌లో హాలోజెనా, ఎల్‌ఈడీ బల్బా?

హెచ్4 హోల్డర్ (హై బీమ్ అనే దూరపు వెలుగు, లో బీమ్ అనే దగ్గరి వెలుగు రెండూ ఒకే బల్బులో ఇచ్చే రకం) ఉన్న కార్లకు ఈ సందేహం మామూలే.

ఖర్చు: హాలోజెన్ వందల్లో దొరుకుతుంది. మంచి ఎల్‌ఈడీ జత వేలల్లో.

కరెంటు: హాలోజెన్ 60/55 వాట్లు (హై బీమ్/లో బీమ్), ఎల్‌ఈడీకి దాదాపు సగం. 100/90 వాట్ల హాలోజెన్ వేస్తే మాత్రం రిలే (స్విచ్ మీద భారం పడకుండా బ్యాటరీ నుంచే బల్బుకు కరెంటు పంపే పరికరం), మందపాటి వైర్లు తప్పనిసరి. లేదంటే హోల్డర్ కరిగిపోతుంది.

బిగింపు: హాలోజెన్ గాజును వేళ్లతో తాకకండి, జిడ్డు అంటిన చోట వేడెక్కి త్వరగా పోతుంది. ఎల్‌ఈడీ వెనక ఫ్యాన్‌కు జాగా కావాలి. రబ్బరు మూత పట్టకపోతే లోపలికి నీరు చేరుతుంది.

వెలుగు: అసలు చిక్కు ఇక్కడే. రిఫ్లెక్టర్‌ను (బల్బు వెనక అద్దంలా మెరిసే గిన్నెను) హాలోజెన్‌లో వెలిగే తీగ, అంటే ఫిలమెంట్, ఉండే చోటును బట్టి తయారుచేస్తారు. ఎల్‌ఈడీ చిప్పులు సరిగ్గా అక్కడే లేకపోతే కాంతి చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది. దగ్గర రోడ్డు తెల్లగా మెరుస్తుంది, దూరం మాత్రం చీకటే. దయచేసి గోడ మీద లో బీమ్ వేసి చూడండి: వెలుగు పైఅంచు గీతలా స్పష్టంగా తెగకపోతే ఆ బల్బు తీసేయండి.

వానలో, పొగమంచులో హాలోజెన్ పసుపు వెలుగు కంటికి హాయి.

పల్లె రోడ్లు, రాత్రి హైవే ప్రయాణాలు ఎక్కువైతే హాలోజెన్, రిలే. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ ల్యాంపుతో వచ్చిన మోడల్ కొంటుంటే ఎల్‌ఈడీయే.