టీమ్ డాక్యుమెంట్లు కాన్‌ఫ్లుయెన్స్‌లోనా, గిట్‌లోనా?

బెంగళూరులో, ముఖ్యంగా మారతహళ్ళి వైపు పనిచేసే మన తెలుగువాళ్ళు కలిసినప్పుడల్లా అడుగుతున్న ప్రశ్న ఇది. కాన్‌ఫ్లుయెన్స్ అంటే టీమంతా బ్రౌజర్‌లోనే రాసుకునే వికీ, గిట్ అంటే కోడులో ప్రతి మార్పునీ నమోదు చేసే టూల్. మా టీమ్ ఈమధ్యే ఒక నిర్ణయానికి వచ్చింది కాబట్టి రాస్తున్నా.

రాయడం ఎందులో తేలిక అంటే కాన్‌ఫ్లుయెన్స్‌లోనే. పేజీ తెరిచి టైప్ చేయడమే, స్క్రీన్‌షాట్ అలాగే అతికించొచ్చు. టెస్టింగ్ వాళ్ళు, సపోర్ట్ వాళ్ళు గిట్ నేర్చుకోనక్కర్లేదు. గిట్‌లో అయితే మార్క్‌డౌన్ ఫైలు (చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్), బ్రాంచ్ (మార్పు కోసం విడిగా తీసుకునే పాయ), పుల్ రిక్వెస్ట్ (ఆ మార్పును చూసి కలపమని టీమ్‌ని అడగడం). "ఒక్క అక్షరం దిద్దడానికి ఇంత తతంగమా?" అని మా టెస్టర్ అడిగారు. న్యాయమైన మాటే.

1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీకి హవాయి భాషలో 'త్వరగా' అనే అర్థమున్న మాటను పేరుగా పెట్టాడు. త్వరగా రాయడం అప్పుడే సాధ్యమైంది. రాసింది పాతబడకుండా చూసుకోవడమే ఇప్పటికీ కష్టం. నా దృష్టిలో తేల్చాల్సింది అదే.

పోయిన ఏడాది ఒక రాత్రి రెండు గంటలకు అలర్ట్ వచ్చింది. ఆన్‌కాల్‌లో, అంటే అలర్ట్‌లు చూసుకునే వంతులో, ఉన్నది చేరి నెల కూడా కాని కుర్రాడు. కాన్‌ఫ్లుయెన్స్ పేజీలోని స్టెప్పులన్నీ వరసగా చేసుకుంటూ వెళ్ళాడు. నాలుగో స్టెప్పులో చెప్పిన సర్వర్‌ని మేం ఎప్పుడో తీసేశాం. "అన్నా, పేజీలో ఉన్నట్టే చేశాను" అంటుంటే ఫోన్‌లో గొంతు వణికింది. ఆ పేజీ చివరిసారి మారింది రెండేళ్ళ కిందట, మార్చినాయన కంపెనీలోనే లేడు. సర్వర్ తీసేసిన పుల్ రిక్వెస్ట్‌ని ముగ్గురం చూసి ఓకే చేశాం, అందులో నేనూ ఉన్నాను. వికీ వేరేచోట ఉంది కాబట్టి ఆ పేజీ మాకెవరికీ తట్టలేదు.

కోడు పక్కనే డాక్స్ ఫోల్డర్ ఉంటే రివ్యూలో "రన్‌బుక్ మార్చలేదేం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. రన్‌బుక్ అంటే అలర్ట్ వస్తే ఏం చేయాలో చెప్పే అలాంటి పేజీయే. పాత సర్వర్ పేరు మీద ఒక్క గ్రెప్ (ఫైళ్ళన్నిట్లో మాట వెతికే కమాండ్) కొడితే కోడులోవి, డాక్యుమెంట్లలోవి కలిసే బయటపడతాయి. గిట్ రిపోలు (ప్రాజెక్టు ఫోల్డర్లు) ఉంచుకునే సైటు గిట్‌హబ్‌లో, కోడ్‌ఓనర్స్ ఫైలులో ఆ ఫోల్డర్‌కి ఎదురుగా టీమ్ పేరు రాస్తే, అక్కడ ఏం మార్చినా రివ్యూ వాళ్ళకే వెళ్తుంది. మనుషులు మారినా టీమ్ ఉంటుంది కదా. అయితే రిపోలోని వికీ ట్యాబ్ వాడకండి. అది విడి రిపో, దానికి పుల్ రిక్వెస్ట్‌లు ఉండవు.

కాన్‌ఫ్లుయెన్స్‌లోనూ పేజీకి ఓనర్‌ని పెట్టి, మూణ్ణెల్లకోసారి చూసుకోవచ్చు. మేం రెండుసార్లు మొదలుపెట్టాం. రిలీజ్ టెన్షన్ మొదలైన వారమే అది ఆగిపోయింది.

ఇలాంటి వేరే టూల్స్‌లో నోషన్ చూడ్డానికి బాగుంటుంది, చిన్న టీమ్‌కి చాలు. మీడియావికీ, డోకువికీ సొంత సర్వర్ చూసుకునే ఓపిక ఉన్నవాళ్ళకి.

చివరికి రన్‌బుక్‌లు, సెటప్ వివరాలు, డిజైన్ నిర్ణయాలు గిట్‌కి తెచ్చి, అందరూ చదివేలా, మార్క్‌డౌన్ ఫైళ్ళను వెబ్ పేజీలుగా మార్చే ఎమ్‌కేడాక్స్‌తో సైటు చేశాం. మీటింగ్ నోట్స్, సెలవుల సంగతులు కాన్‌ఫ్లుయెన్స్‌లోనే ఉంచాం. అవి పాతబడితే రాత్రి రెండింటికి ఎవరూ ఇబ్బంది పడరు. పాత పేజీల్లో కొత్త లింకు మాత్రమే మిగిల్చాం. మా టెస్టర్‌కి గిట్‌హబ్‌లో పెన్సిల్ గుర్తు చూపించాను. అది నొక్కి బ్రౌజర్‌లోనే దిద్దొచ్చు, అక్కడి నుంచే పుల్ రిక్వెస్ట్ కూడా పంపొచ్చు. ఇప్పుడు అందరికంటే ఎక్కువ దిద్దుబాట్లు పంపేది ఆవిడే.