అప్పా తమ్ముడూ శ్రీలంకకు: ఎనిమిది రోజులు, ఏడు రాత్రులు

క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న గుడికి వెళ్లే ముందు మన శ్రీకాకుళం జిల్లాలోనే సరుబుజ్జిలి మండలంలో ఉన్న దంతవరపుకోట ఒకసారి చూసి వెళ్లండి. ఆ దంతం 4వ శతాబ్దంలో కళింగ రాజధాని దంతపురం నుంచి సింహళానికి చేరిందని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఆ దంతపురం ఈ దంతవరపుకోటేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అలాగే శ్రీలంకలో పొలన్నరువను ఏలిన రాజు నిశ్శంకమల్లుడు తాను కళింగలోని సింహపురంలో పుట్టానని రాతి మీద చెక్కించుకున్నాడు. ఆ సింహపురం శ్రీకాకుళం పక్కనున్న సింగుపురమేనని చెప్పేవారూ ఉన్నారు. అందుకే శ్రీలంక అంటే అందరూ బీచీలు, ఎల్లా కొండలు అని పరిగెత్తే దారి కాకుండా, పొలన్నరువకూ క్యాండీకీ ఎక్కువ సమయం ఇచ్చే దారి ఇక్కడ రాస్తున్నాను: సిగిరియ, పొలన్నరువ, క్యాండీ, ఎల్లా, గాల్, చివరికి నీగొంబో. శాలిహుండం స్తూపాలు ఎక్కి వంశధారను చూసినవాళ్లకు ఆ రెండు చోట్లా కాళ్లు వాటంతటవే ఆగుతాయి.

ముందు కాగితాల సంగతి. భారతీయులకు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి కావాలి. శ్రీలంక ప్రభుత్వ సైటు ఈటీఏ డాట్ గవ్ డాట్ ఎల్‌కే. వెతికితే అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు పైన వస్తాయి, అదనంగా గుంజుతాయి. రుసుము నిబంధన తరచూ మారుతుంటుంది కాబట్టి టికెట్ కొన్న రోజున కాదు, దరఖాస్తు పెట్టే రోజున చూసుకోండి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. మనవాళ్లకు ఇబ్బంది వచ్చేది ఇంటిపేరు దగ్గర. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలో ఉంటుంది. ఈటీఏలోనూ విమానం టికెట్‌లోనూ పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. పెళ్లయిన అప్ప (అంటే అక్క) ఇంటిపేరు, తమ్ముడి ఇంటిపేరు వేరుగా ఉండడం వల్ల ఏ అభ్యంతరమూ రాదు. పాస్‌పోర్టు నంబరులో ఒక్క అంకె తప్పు పడితే మాత్రం చెన్నై కౌంటర్‌లోనే ఆపేస్తారు.

ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ, అక్కడి నుంచి రైలులోనో విమానంలోనో చెన్నై, చెన్నై నుంచి గంటన్నరలోపు కొలంబో. విమానాశ్రయం కొలంబోలో లేదు, ఊరికి ముప్పై కిలోమీటర్లకు పైగా ఉత్తరాన కటునాయకలో ఉంది. గడియారం మార్చక్కర్లేదు, మన సమయమే వాళ్లదీ. ఇమ్మిగ్రేషన్ దాటగానే సిమ్ కార్డుల కౌంటర్లు ఉంటాయి, పాస్‌పోర్టు చూపి అక్కడే తీసుకోండి. ఇద్దరూ చెరొకటి తీసుకోవాలి. ఒకరి ఫోను అయిపోతే రెండో మనిషి ఎక్కడున్నారో తెలియకపోవడం కొత్త ఊళ్లో అనవసరపు హైరానా. డబ్బు, కార్డులు కూడా రెండు సంచుల్లో వేరువేరుగా పెట్టండి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ నడుస్తోంది గానీ, ఇంటి దగ్గరే యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు తెరిచి ఉంచుకోవాలి. పెద్ద దుకాణాల్లో సరే, ఆటోకూ పల్లె హోటలుకూ నోట్లే. మన రూపాయికి సుమారు మూడున్నర శ్రీలంక రూపాయలు వస్తాయని లెక్క వేసుకుంటే బేరంలో తడబడరు.

గది దగ్గర అన్నాచెల్లెళ్లకైనా, అప్పాతమ్ముళ్లకైనా ఒకటే చిక్కు. ఇద్దరు అని టైపు చేయగానే బుకింగ్ సైట్లు చాలావరకు ఒకే పెద్ద మంచం ఉన్న డబుల్ రూమ్ ముందుకు తోస్తాయి. ట్విన్ రూమ్ అని ఎంచుకోవాలి. అక్కడితో వదలక, రెండు మంచాలు కావాలని గెస్ట్‌హౌస్‌కు సందేశం పంపి జవాబు తెప్పించుకోవాలి. ఎందుకంటే చిన్న గెస్ట్‌హౌస్‌లలో ట్విన్ అని రాసినా ఉన్నది ఒకే డబుల్ కాట్. దాని పక్కన పరుపు వేస్తారు. రాత్రి తొమ్మిదికి చేరి ఇది తెలిస్తే వేరే గది దొరకదు. మనుషులు మంచివాళ్లే. అక్క, మల్లీ అని చెబితే సంగతి చప్పున గ్రహిస్తారు. సింహళంలో అక్క అక్కే, తమ్ముడు మల్లీ. ఆటోవాళ్లు వయసులో చిన్నవాళ్లను మల్లీ అనే పిలుస్తారు, దాన్ని మనం ‘మళ్లీ’ అనుకుని వెనక్కి తిరిగి చూస్తాం. మన అలవాటు కొద్దీ వీధిలో అప్పా అని గట్టిగా పిలిస్తే మాత్రం తమిళం తెలిసినవాళ్లు నాన్న కోసం వెతుకుతారు.

రేటు చూసేటప్పుడు రెండు సంగతులు గమనించండి. హోటళ్లలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే దాని మీద పది శాతం సేవా రుసుము, ఆపైన పన్ను పడుతుంది. 2024 జనవరి నుంచి అక్కడి వ్యాట్ 18 శాతం. అంటే వంద అనుకున్నది నూట ముప్పై అవుతుంది. రెండోది, పల్లె గెస్ట్‌హౌస్‌లలో ఏసీకి వేరే ధర ఉంటుంది. సిగిరియలో ఏసీ కావాలి, ఎల్లాలో అక్కర్లేదు, వేడినీళ్లు కావాలి. చాలాచోట్ల ప్లగ్గు మూడు చదరపు కాళ్లది, కనుక ఒక అడాప్టరు, ఇంటి నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్తే ఇద్దరి ఫోన్లకూ సరిపోతుంది.

కారు విషయంలో నా మాట ఇది: కటునాయక నుంచి క్యాండీ వరకు మూడు రోజులు డ్రైవరుతో కారు, ఆ తర్వాత రైలు, తర్వాత ఎక్కడికక్కడ టాక్సీ. కారు, డ్రైవరు, పెట్రోలు కలిపి రోజుకు సాధారణంగా 50 నుంచి 70 డాలర్ల మధ్య అడుగుతారు. ఎనిమిది రోజులూ పెట్టుకుంటే క్యాండీలో ఒక రోజు, గాల్‌లో ఒక రోజు కారు ఊరికే నిలబడుతుంది. ఇద్దరిలో ఒకరికి మోకాళ్ల నొప్పి ఉంటే మాత్రం ఆ లెక్క చూడకుండా మొత్తం పెట్టుకోండి. మీరు రైల్లో వెళ్తే డ్రైవరు సామాన్లతో రోడ్డు మీద ఎల్లాకు వచ్చి కలుస్తాడు. బేరంలోనే మూడు విషయాలు తేల్చాలి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు, డ్రైవరు పడక ఎవరి ఖర్చు, సుగంధ ద్రవ్యాల తోటలకూ రత్నాల షాపులకూ ఆపకూడదు. ఆ ఆపడాల వెనక కమీషన్ ఉంటుంది, మీకు పోయేది గంటన్నర.

సిగిరియ బండకోట గేటు తెరిచే వేళకే అక్కడుండాలి. మెట్లు దాదాపు 1200. ఎండెక్కితే రాయి వేడెక్కి ఆవిరి కొడుతుంది. సార్క్ (మనమూ ఉన్న దక్షిణాసియా కూటమి) దేశాలవాళ్లకు టికెట్ తక్కువ, విదేశీ ధరలో సుమారు సగం. అసలు పాస్‌పోర్టు చూపాలి, కౌంటర్ దగ్గర ముందుగా సార్క్ అని చెప్పాలి. 5వ శతాబ్దంలో కశ్యపుడు తండ్రిని చంపి రాజ్యం తీసుకుని, ఇండియాకు పారిపోయిన సవతి తమ్ముడు మొగ్గల్లానుడు సైన్యంతో తిరిగొస్తాడన్న భయంతో ఈ బండ మీద కోట కట్టుకున్నాడని చూళవంశం అనే పాత రాజుల చరిత్ర గ్రంథంలోని కథ. 495లో తమ్ముడు రానే వచ్చాడు. సగం దారిలో ఇనుప చుట్టుమెట్లు ఎక్కితే గోడ మీద అప్సరసల బొమ్మలు కనిపిస్తాయి, ఫొటో తీయనివ్వరు. ఆపైన సింహం పంజాల మధ్య చదును. ఒక్కో గోరు ఎంతుందో పక్కన నిలబడితే గానీ తెలీదు. మోకాళ్లు మొరాయించేవాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు. రెండోవాళ్లు పైకి వెళ్లి రావడానికి గంట. కందిరీగల తుట్టెలున్నాయని బోర్డులుంటాయి, అవి అలంకారానికి కావు. అక్కడ అరవకండి, అత్తర్లు పూసుకోకండి. బస సిగిరియ పల్లెలోని హోమ్‌స్టేలలో బాగుంటుంది గానీ, చీకటి పడ్డాక రోడ్డు మీదికి ఏనుగులు వస్తాయి. భోజనానికి నడిచి వెళ్లొద్దు, ఆటోలో వెళ్లండి.

పొలన్నరువ సిగిరియకు గంటన్నర దూరం. టికెట్ చెరువు గట్టు దగ్గరి మ్యూజియంలో కొనాలి. కొనకుండా కోట గేటు దగ్గరికి వెళ్తే వెనక్కి పంపుతారు. మ్యూజియం ముందే చూడండి. కూలిన గుడులు ఒకప్పుడు ఎలా ఉండేవో అందులోని నమూనాలు చూస్తేనే బయటి మొండిగోడలు అర్థమవుతాయి. సైకిళ్లు అద్దెకిస్తారు, నేల చదునుగా ఉంటుంది, ఇద్దరికీ అదే మేలు. బ్రేకులు, చెయిను చూసుకుని తీసుకోండి. పవిత్ర స్థలాల్లో చెప్పులూ టోపీలూ తీసేయాలి. పది దాటాక ఆ రాతి గచ్చు మీద అడుగు నిలవదు. పాత మేజోళ్లు రెండు జతలు సంచిలో పెట్టుకోండి, వాటికి అభ్యంతరం లేదు.

ఇక్కడ మనం ఆగాల్సింది గల్ పొత దగ్గర. రాతి పుస్తకం అని అర్థం. ఎనిమిది మీటర్లు దాటిన ఒకే రాయి, తాటాకు ఆకారంలో చెక్కి, మీద 4,300కు పైగా అక్షరాలు. ఏ పాతిక టన్నులో ఉండే ఈ బండను మిహింతలె అనే చోటి నుంచి తెప్పించినట్టు అందులోనే రాసి ఉంది. నిశ్శంకమల్లుడు ఏలింది 1187 నుంచి 1196 వరకు, తొమ్మిదేళ్లే. ఈ ద్వీపాన్ని ఏలే అర్హత కళింగ వంశానిదేనని శాసనాల్లో చెప్పుకున్నాడు. రాయి పక్క వైపు వంగి చూడండి, రెండు ఏనుగుల మధ్య లక్ష్మి. మన గుమ్మాల మీద కనిపించే గజలక్ష్మే. టూరు బృందాలు దీన్ని రెండు నిమిషాల్లో దాటేసి వటదాగె అనే గుండ్రటి స్తూప మందిరం వైపు పోతాయి, మీరు పావుగంట ఉండండి. కొంచెం అవతల అతను కట్టించిన లతామండపంలో రాతి స్తంభాలు తామరకాడల్లా మెలికలు తిరిగి ఉంటాయి. చివర ఉత్తరాన గల్ విహార. ఒకే బండలో నాలుగు విగ్రహాలు, పడుకున్న బుద్ధుడు సుమారు 14 మీటర్లు. తల కింద దిండు నొక్కుకుపోయినట్టు చెక్కిన చోటు వెతికి చూడండి. బుద్ధుడికి వీపు చూపిస్తూ సెల్ఫీ మాత్రం దిగకూడదు. బుద్ధుడి బొమ్మ ఉన్న బట్టలు, పచ్చబొట్లు ఉంటే అసలుకే మోసం.

క్యాండీలో రెండు రాత్రులు ఉండాలి. గెస్ట్‌హౌస్ గుడికి కిలోమీటరే అని చూసి బుక్ చేయకండి. ఆ కిలోమీటరు నిట్టనిలువుగా ఉండొచ్చు, పెట్టెలతో ఎక్కలేరు. చెరువు గట్టుకు దగ్గరగా ఉన్నది కొంచెం ఎక్కువైనా తీసుకోండి. దలద మాలిగావలో, అంటే దంతం గుడిలో, పూజలు తెల్లవారి 5:30కి, ఉదయం 9:30కి, సాయంత్రం 6:30కి. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు, వీలైతే తెల్లవి. దంతం కనపడదు, ఒకదానిలో ఒకటిగా ఉన్న భరిణెల పై పేటికను దూరం నుంచి కొన్ని క్షణాలు చూడనిస్తారు. అందుకోసమే సాయంత్రం పెద్ద వరుస. తెల్లవారి పూజకు వెళ్తే డోలు శబ్దం బాగా వినిపిస్తుంది, తోపులాట తక్కువ. తర్వాత వెనకవైపు అలుత్ మాలిగావలోకి వెళ్లండి. గోడల మీద దంతం కథంతా బొమ్మల్లో ఉంటుంది. కళింగ రాకుమారి హేమమాల దాన్ని జుట్టులో దాచి తెచ్చిన బొమ్మ దగ్గర నిలబడితే దంతవరపుకోట గుర్తు రాక మానదు. గుడి బయట ‘ఇవాళ గుడి మూశారు, ఇంకో పండుగ చూపిస్తాను’ అనే ఆటో మాట నమ్మొద్దు. ఆ బండి రత్నాల షాపు దగ్గర ఆగుతుంది. పిక్‌మీ అనే యాప్‌లో ఆటోను పిలిస్తే బేరం ఉండదు.

పౌర్ణమి రోజును పోయ అంటారు, ప్రతి నెలా సెలవే. గుళ్లు, రైళ్లు కిక్కిరిసిపోతాయి. క్యాండీ రోజు పోయకు తగలకుండా పంచాంగం చూసి తేదీలు పెట్టుకోండి.

క్యాండీ నుంచి ఎల్లాకు రైలు ఆరేడు గంటలు. అరకు రైలు ఎక్కినవాళ్లకు ఈ తీరు తెలిసిందే, ఇదీ బ్రాడ్‌గేజే. ఆ అరకు దారిలో మన శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తైతే అక్కడి పట్టిపొల స్టేషన్ 1,892. అక్కడ అడవి బదులు తేయాకు తోటలు. సీట్ల రిజర్వేషన్ నెల ముందు తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతాయి. ఫస్ట్ క్లాస్ ఏసీలో కిటికీలు తెరుచుకోవు, రెండో తరగతి రిజర్వుడే సరైనది. రిజర్వేషన్ లేని పెట్టెలో ఆరు గంటలు నిలబడే ప్రయాణం ఒద్దు. తలుపులో కాళ్లు వేలాడదీసి కూర్చోవడమూ ఒద్దు. 2025 నవంబరు చివర దిత్వా తుఫాను కొండ ప్రాంతపు లైనును బాగా దెబ్బతీసింది. అందుకని రైళ్లు ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ వరకు నడుస్తున్నాయో చూసుకున్నాకే గదులు బుక్ చేయండి.

ఎల్లాకు ఒక రాత్రి చాలు. మెయిన్ రోడ్డు మీద గదికి పాటల మోత, వాలు మీద గది నయం. 1921లో ఇనుము లేకుండా రాయి, ఇటుక, సిమెంటుతో కట్టిన తొమ్మిది కమానుల వంతెనను ఉదయమే చూసి, మధ్యాహ్నం టాక్సీలో గాల్‌కు దిగిపోవచ్చు. నాలుగైదు గంటలు పడుతుంది. గాల్‌లో డచ్చి కోట లోపలి గదులు ప్రియం, ఉనవటునలో చౌక. ఒక్క రాత్రే కాబట్టి కోట లోపలే ఉండమంటాను. సాయంత్రం గోడ మీద నడక, తెల్లవారి ఖాళీ వీధులు బయట ఉన్నవాళ్లకు దొరకవు. మే నుంచి సెప్టెంబరు దాకా ఈ తీరానికి వానాకాలం, అప్పుడు గాల్ తీసేసి క్యాండీకి ఇంకో రాత్రి కలపండి.

తిండికి ఉద్దానం కొబ్బరి తిన్న నోటికి ఇబ్బంది లేదు. పోల్ సంబోల్ అంటే కొబ్బరి, ఎండుమిర్చి, ఉల్లి, నిమ్మరసం కలిపి నూరిన పచ్చడే. తంబిలి అనే నారింజరంగు బొండం మన బొండం కంటే తియ్యన. శాకాహారులు మాత్రం జాగ్రత్త: ఆ పచ్చడిలోనూ, కూరల్లోనూ ఎండుచేప పొడి వేస్తారు. దాని పేరు ఉంబలకడ. కూరగాయలది అని చెప్పినా అందులో ఉండొచ్చు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది చేప కాదు, రుచికి వేసే దినుసు. ‘ఉంబలకడ ఎపా’ అంటే వద్దు అని. నమ్మకంగా కావాలంటే తమిళుల శైవ (శాకాహార) భోజనశాల వెతకండి.

ఏడో రాత్రి విమానాశ్రయానికి దగ్గరగా నీగొంబోలో ఉండండి. ఉదయం విమానానికి గాల్ నుంచి బయలుదేరడం దుస్సాహసం. మిగిలిన శ్రీలంక నోట్లను కటునాయకలోనే మార్చుకోండి, శ్రీకాకుళం తెచ్చాక వాటిని తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.