మూడేళ్లుగా నా గొంతు రికార్డు చేసుకుని వింటూ ఫ్రెంచ్ పలకడం నేర్చుకుంటున్నాను: నా అనుభవం

ఫ్రెంచ్ మొదలుపెట్టి నాలుగేళ్లయింది. మొదటి ఏడాదంతా వ్యాకరణం, పదాలు, ఒక యాప్‌లో రోజూ పాఠాలు. ఉచ్చారణ తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను. ఆ యాప్‌లో మైకు ముందు ఎలా పలికినా టిక్ పడేది కాబట్టి బాగానే పలుకుతున్నానని నమ్మాను కూడా. తీరా ఒక ఫ్రెంచ్ ఆవిడతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ పుస్తకం పైన ఉందని చెబితే, ఆవిడకి కింద ఉందని అర్థమైంది. పైన అంటే దెస్యూ, కింద అంటే దెసూ. నేను రెండూ దెసూ అనే అంటున్నాను, అసలు ఆ తేడా నా చెవికే తెలియడం లేదు.

అప్పటినుంచి రోజుకి 20 నిమిషాలు ఇదే పని. ఫ్రెంచ్‌వాళ్లు మాట్లాడిన ఐదారు సెకన్ల ముక్క వినడం, నేను పలికి రికార్డు చేయడం, రెండూ పక్కపక్కన పెట్టి వినడం. విడి పదాలకి ఫోర్వో అనే వెబ్‌సైట్ వాడతాను, అక్కడ ఆ భాషవాళ్లే పలికి పెట్టినవి ఉంటాయి.

దెస్యూలో ఉన్న ఆ 'యూ' నిజానికి యూ కాదు. 'ఈ' అంటూ నాలుక కదపకుండా పెదాలు మాత్రం 'ఊ' అన్నట్టు చుట్టాలి. నోటికి పట్టాకే చెవికీ పట్టింది, నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ఇల్ జోఁ అంటే వాళ్లకి ఉంది, ఇల్ సోఁ అంటే వాళ్లు ఉన్నారు. జ, స సరిగ్గా పలకకపోతే వాక్యం అర్థమే మారిపోతుంది, పైగా ఆ జ మన జ కాదు, స పలుకుతూ గొంతు మోగించాలి. త, ద మాత్రం మన పళ్ల దగ్గరి త, ద లాంటివే, ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకుండా ఉంటే చాలు. ర కి ఎనిమిది నెలలు పట్టింది. అది క పలికే చోటుకన్నా వెనక, కొండనాలుక దగ్గర పుడుతుంది.

పదాలు తెలుగు లిపిలో రాసుకోవడం నేను చేసిన పెద్ద తప్పు (ఇక్కడ రాసింది మీకు అందడానికే). ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు ఉండే అంతర్జాతీయ ధ్వని లిపిలో ఫ్రెంచ్‌కి కావలసినంత నేర్చుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు సరిపోయాయి. మొదటి రోజే నేర్చుకోవాల్సింది.

లోపాలూ ఉన్నాయి. మొదటి నెల సొంత గొంతు వినడమే కష్టం, టెన్షన్ వచ్చేది. చెవికి పట్టని తప్పుని రికార్డింగ్ కూడా పట్టించదు, అందుకే పదిహేను రోజులకోసారైనా ఆ భాష మనిషి ఎవరైనా వినాలి. పొడవాటి ఆడియోతో పాటు గడగడా చదివితే తప్పులు అలాగే స్థిరపడిపోతాయి, నేను మూడు నెలలు అలా పోగొట్టుకున్నాను.

యాస పోలేదు, పోవాలని లేదు కూడా. కానీ ఇప్పుడు ఎదుటివాళ్లు మళ్లీ చెప్పమని అడగడం బాగా తగ్గింది. ముక్కుతో పలికేవి మాత్రం ఇంకా కుదరలేదు: వాఁ అంటే గాలి, వెఁ అంటే వైన్, తొందరగా మాట్లాడితే రెండూ కలిసిపోతున్నాయి. ఈ నెలంతా వాటి మీదే ఉన్నాను.