ఇన్సులిన్ పెన్ను: టైలరు కొలతలు

నలభై ఏళ్లుగా కుట్టు సూదితోనే బతుకుతున్నా, అది నా ఒంట్లో దిగాలంటే మాత్రం వణుకే. అందుకే షుగర్ జబ్బుకి పన్నెండేళ్లు మాత్రలతోనే నెట్టుకొచ్చాను. నిరుడు ప్యాంట్లు జారుతుంటే పొట్ట తగ్గుతోందని మురిసిపోయాను కూడా. టేపు పెట్టి చూస్తే నడుము తగ్గింది ఒక్క అంగుళమే. తొడ 21 నుంచి 18కి పడిపోయింది! పది కిలోలు పోయాయి. మిషన్ తొక్కితే కాళ్లు లాగేసేవి.

డాక్టరమ్మగారు నాకర్థమయ్యేలా చెప్పారు. "మాస్టారూ, ఇన్సులిన్ చాలకపోతే ఒళ్లు తన కుట్లు తనే విప్పుకుంటుంది." కండలోని ప్రొటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోతుందట. వాటిలో కొన్నిటిని లివర్ మళ్లీ చక్కెర చేస్తుందట. అంటే నేను అన్నం తగ్గించినా నా తొడే నాకు షుగర్ పెంచుతోందన్నమాట! ఇన్సులిన్ ముందు చేసే పని ఆ విప్పుడు ఆపడం. కొత్త కండ పట్టాలంటే తిండిలో మాంసకృత్తులుండాలి, ఒంటికి పనీ ఉండాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూశాకే రోజుకో గుడ్డు, పప్పు పెంచమన్నారు.

1922లో కెనడాలోని టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ వేయించుకున్న లెనార్డ్ థాంప్సన్‌కి 14 ఏళ్లు, బరువు 29 కిలోలేనట. ఆ పిల్లాడికి ఏ సైజు నిక్కరు పట్టి ఉంటుందో అని ఆ రాత్రంతా అదే ఆలోచన.

ఇక పెన్ను సంగతి. కార్ట్రిడ్జ్ (మందు నింపిన చిన్న గొట్టం) మార్చుకునే రకం కొన్నాను. సూది 4 మిల్లీమీటర్లే, నా బొత్తాల సూదితో పోలిస్తే చీమ. ముందు 2 యూనిట్లు బయటికి వదిలి చూడాలి, తర్వాత నాకు రాసిన 18. 300 యూనిట్ల కార్ట్రిడ్జ్ సరిగ్గా 15 రోజులొస్తుంది. గుచ్చి, నొక్కి, పది లెక్కపెట్టాకే తియ్యాలి. మొదటి వారం నేను తొందరపడితే చివర చుక్క బయటే కారిపోయేది. రోజూ ఒకేచోట గుచ్చితే గడ్డ కడుతుందట, అందుకే పొట్ట మీద చోటు మారుస్తుంటాను.

ఒక్క జాగ్రత్త. పెన్ను పాడైతే కార్ట్రిడ్జ్ మందుని మిల్లీలీటరుకి 40 యూనిట్ల గుర్తులున్న పాత సిరంజిలోకి లాగొద్దు. ఈ మందు మిల్లీలీటరుకి 100 యూనిట్లు, రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది.

నాలుగు నెలలైంది. ఆరు కిలోలు తిరిగొచ్చాయి. అంతా కండేనని నేననను. కొంత కొవ్వూ నీరూ ఉంటాయని డాక్టరమ్మగారే చెప్పారు, నడుము టేపు కూడా అదే అంటోంది. తొడ మాత్రం పంతొమ్మిదిన్నర. పక్కకుట్లు వేసి బిగించిన రెండు ప్యాంట్లు మళ్లీ విప్పాను.

లోపమంటే, పెన్ను మీద మోతాదు చూపే అంకెల కిటికీ మరీ చిన్నది. కళ్లద్దాలు పెట్టినా 16, 18 ఒకేలా కనిపిస్తాయి. నేను క్లిక్కులు కూడా లెక్కపెట్టుకుంటాను. అందుకే ఈ పెన్నుకి ఐదుకి నాలుగు మార్కులే.