ఎండాకాలం ఇడ్లీ పిండి: తడిగుడ్డ మేలా, ఫ్రిజ్ మేలా?

మే నెలలో ఒకరోజు తెల్లవారుజామున వంటింట్లోకి వెళ్లేసరికి ఇడ్లీ పిండి గట్టు మీదుగా కారి పొయ్యి కాళ్లు ముంచేసింది. స్టీలు మూత దాని మీద పడవలా ఒరిగి ఉంది. గిన్నెలో ముప్పాతిక వంతు పోయడం నా తప్పే. మొగల్రాజపురం కొండ పగలు తాగిన ఎండను రాత్రంతా కక్కుతుందని విజయవాడ వాళ్లకు ఒకరు చెప్పాలా!

అమెరికాలో ఇంట్లోనే బీరు కాచుకునే మా మేనల్లుడికి ఫోనులో మొరపెట్టుకున్నాను. "అత్తయ్యా, మూతకు లావుపాటి గొట్టం పెట్టి రెండో కొస నీళ్ల బకెట్‌లో ముంచండి, నురగ అందులోకి పోతుంది" అన్నాడు. బీరుకు అది సరే, గ్యాసు బయటికి పోయినా నష్టం లేదు. ఇడ్లీకి ఆ గ్యాసే ప్రాణం. మినప్పిండి జిగురు బుడగలను పట్టి ఉంచబట్టే ఇడ్లీ దూదిలా వస్తుంది. అందుకే పొంగిన పిండిని గరిటెతో కలిపి అణచడం కూడా నాకు నచ్చదు. బుడగలన్నీ చితికిపోతాయి. ఇక దోసెలే గతి.

వాడు చెప్పిన రెండో ఉపాయం మాత్రం పట్టుకున్నాను. బీరు పాత్రను నీళ్ల తొట్టిలో నిలబెట్టి, తడి బనీను తొడిగి, ఫ్యాను పెడతాడట. మన కూజాకు తడిగుడ్డ చుట్టినట్టే! వడగాడ్పుల రోజుల్లో ఇది బాగా పనిచేసింది. గాలి పొడిగా ఉంటే గుడ్డలోని నీరు చకచకా ఆవిరై గిన్నె వేడిని లాగేస్తుంది. ఉక్కపోత రోజుల్లో గుడ్డ ఆరదు, గిన్నె చల్లబడదు. అలాంటప్పుడు గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి తొట్టిలో వేయాలి. పడుకునే ముందు దాన్ని మార్చడం గుర్తుండాలి, అదొక్కటే బాధ.

ఫ్రిజ్‌కు ఆ బాధ లేదు, కానీ దానికీ తిరకాసు ఉంది. రుబ్బగానే పెడితే పిండి సరిగా పులియదు. పొంగడం మొదలయ్యాక పెడితే, పెద్ద గిన్నెలో నడుమ ఉన్న పిండి చల్లబడటానికి గంటలు పడుతుంది. అంతసేపూ అది పొంగుతూనే ఉంటుంది. పాలప్యాకెట్ల మీదికి కారిన పిండిని కడగడం వంటగట్టు కడగడం కంటే నరకం. రెండు చిన్న గిన్నెల్లోకి మెల్లగా వంచి, మూతలు వదులుగా పెడితే ఆ గొడవ తప్పుతుంది.

ఏది చేసినా గిన్నెలో సగానికి మించి పోయకూడదు. మిక్సీలో రుబ్బేవాళ్లు చల్లటి నీళ్లే వాడాలి, ఆ బ్లేడ్ల వేడికి పిండి అక్కడే వెచ్చబడుతుంది.

నా ఓటు వేసవిలో తడిగుడ్డకే, ఇడ్లీలు బాగా వస్తాయి కనుక. వానాకాలపు ఉక్కలో, లేదా నలభై ఇడ్లీల పిండి రుబ్బిన రోజున, నాలుగు గంటలు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెడతాను. ఆ మే నెల ఉదయం మాత్రం గిన్నెలో మిగిలిన పిండితో దోసెలు పోశాను. అల్లం పచ్చడి ఉంది కనుక ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు.