కేఈఎఫ్ ఎల్‌ఎస్50 మెటా: గ్రాఫు చెప్పినదీ, చెవి విన్నదీ

కేఈఎఫ్ ఎల్‌ఎస్50 మెటా స్పీకర్లు (బ్రిటన్ కంపెనీ కేఈఎఫ్ చేసినవి) మా ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. అడుగు ఎత్తుండే రెండు పెట్టెలకు లక్ష రూపాయలు దాటిన ధర పెట్టడానికి నేను చాలా కాలం తటపటాయించాను. వీటి గురించి చదివిన మాటలు రెండు రకాలుగా ఉండడమే అందుకు కారణం. స్పీకరు ఏ స్వరాన్ని ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గ్రాఫు చూస్తే చాలు, ఇక వినవలసిన పనే లేదని కొందరు అంటారు. సంగీతాన్ని కొలవడం ఎవరి తరమూ కాదని, చెవే ప్రమాణమని మరికొందరు అంటారు. స్పీకర్లు తెచ్చుకున్న తర్వాత కొలత మైకు ఒకటి కొని, గదిలో కొలుస్తూ, వింటూ, కొన్నిసార్లు ఏది మోగుతున్నదో తెలియకుండా వింటూ గడిపాను కాబట్టి, ఏ మాట ఎంతవరకు నిలిచిందో రాయగలను.

వీటి వంశం పాతది. 1970లలో బీబీసీ తన ప్రసార వాహనాల వంటి ఇరుకు చోట్ల వాడుకోవడానికి రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ స్పీకరులో ఉన్నవి కేఈఎఫ్ తయారు చేసిన డ్రైవర్లే (ధ్వనిని పుట్టించే భాగాలు). ఆ స్ఫూర్తితో, కంపెనీకి 50 ఏళ్లు నిండిన సందర్భానికి గుర్తుగా 2012లో ఎల్‌ఎస్50 వచ్చింది. దాన్ని సవరించిన మెటా 2020లో వచ్చింది. కింది స్వరాలు పలికే అయిదుంబావు అంగుళాల వూఫర్ నడిబొడ్డునే, పై స్వరాలు పలికే ట్వీటర్ కూర్చుని ఉంటుంది. ట్వీటర్ వెనుక వైపుకు వెళ్లే ధ్వనిని పీల్చుకోవడానికి, చిక్కుదారుల ముగ్గులా కనిపించే ఒక బిళ్లను అమర్చారు.

ఇలా ఒకే కేంద్రం నుంచి ధ్వని రావడం వల్ల కలిగే మేలు గ్రాఫులో స్పష్టంగా కనబడుతుంది. స్పీకరుకు ఎదురుగా కొలిచిన గీతా, పక్కకు జరిగి కొలిచిన గీతా దాదాపు ఒకే ఆకారంలో ఉండి, పక్కకు పోయేకొద్దీ పై స్వరాలు మాత్రం నెమ్మదిగా తగ్గుతాయి. గదిలో మనం వినేది స్పీకరు నుంచి నేరుగా వచ్చే ధ్వనిని మాత్రమే కాదు, గోడలకు తగిలి తిరిగి వచ్చేదాన్ని కూడా కనుక, ఈ రెండు గీతల పోలిక చాలా ముఖ్యం. చెవికి ఇది ఎలా తెలిసిందో చెబుతాను. అంతకుముందున్న స్పీకర్లలో ట్వీటర్ వూఫర్‌కు పైన విడిగా ఉండేది. కుర్చీలోంచి లేచి నిలబడితే వయొలిన్ స్వరం సన్నబడి, కమాను రాపిడి వెనక్కి పోయినట్టు వినిపించేది. వీటిలో కూర్చున్నా, నిలబడినా, కాఫీ కోసం తలుపు దాకా వెళ్లినా అది అదే వయొలిన్. తంబూరా నాలుగు తీగలూ గాయకుడి వెనుక ఒకే చోట నిలకడగా ఉంటాయి. ఇక్కడ కొలతకూ వినికిడికీ నాకు తేడా కనబడలేదు.

తేడా మొదట చెవికి తెలిసింది గది విషయంలో. మాది 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉన్న గది. కాంక్రీటు గోడలు, నున్నటి టైల్స్. మృదంగంలో తొప్పి (మంద్రంగా మోగే ఎడమ ముఖం) మీద దెబ్బ పడినప్పుడల్లా నాదం ముద్దగా మారి, తరువాతి దెబ్బ మీదకు పారేది. తప్పు స్పీకర్లదేనని మొదటి వారం గట్టిగా అనుకున్నాను. మైకు పెడితే 80 హెర్ట్జ్ (సెకనుకు 80 కంపనాలు) దగ్గర 9 డెసిబెల్స్ గుట్ట కనబడింది. ధ్వని వేగాన్ని గది పొడవుతో భాగించి చూస్తే అంకె సరిగ్గా అక్కడికే వస్తుంది. నా కుర్చీ వెనుక గోడకు ఆనుకుని, ఆ తరంగం అత్యంత బలంగా ఉండే చోట ఉంది. కుర్చీని రెండడుగులు ముందుకు జరిపేసరికి గుట్ట 4 డెసిబెల్స్ తగ్గింది, తొప్పి దెబ్బలు దేనికది విడిగా వినిపించాయి. బాధ ఉందని చెప్పింది చెవి, అది ఎక్కడుందో చూపింది మైకు. ఆ రెండిటిలో ఒక్కటే ఉండి ఉంటే నేను ఈ స్పీకర్లను తిరిగి అమ్మేసి ఉండేవాడిని.

యాంప్లిఫయర్ ఎంపికలో మాత్రం నా చెవి నన్ను మోసం చేసింది. ఒక దుకాణంలో ఇవే స్పీకర్లను రెండు యాంప్లిఫయర్ల మీద వినిపించారు. ఖరీదైనదానిలో గొంతు నిండుగా, దగ్గరగా ఉందని నాకు ఏ సందేహమూ లేకుండా అనిపించింది. వాల్యూమ్ ఒకటేనా అని అడగాలన్న ఆలోచన అప్పుడు రాలేదు. కొద్దిపాటి డెసిబెల్ ఎక్కువైతే మనకది గట్టిగా కాక మెరుగ్గా వినిపిస్తుంది. తర్వాత ఇంట్లో, మిత్రుడి దగ్గర తెచ్చిన ఖరీదైన యాంప్లిఫయర్‌నూ నాదాన్నీ స్పీకరు తీగల దగ్గర మల్టీమీటర్‌తో సమం చేశాం: ఒకటి 2.00 వోల్టులు, మరొకటి 2.02. అంటే తేడా 0.1 డెసిబెల్ కూడా లేదు. మా బావమరిది తెర వెనుక నిలబడి మారుస్తుంటే 16 సార్లు విని, ఏది మోగుతున్నదో చెప్పాను. ఊహతో కాదు, వినే చెప్పానని నమ్మాలంటే కనీసం 12 సరిపోవాలి. నాకు సరిపోయినవి 9.

ఇది నా ఒక్కడి బలహీనత కాదు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో స్పీకర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్‌తో కలిసి 1994లో ప్రచురించిన ప్రయోగంలో 40 మంది శ్రోతలు అవే స్పీకర్లకు చూస్తూ వేసిన మార్కులూ, చూడకుండా వేసిన మార్కులూ వేరుగా ఉన్నాయి. కనుక కొలతలకూ చెవికీ మధ్య ఉందనే తగవులో ఎక్కువ భాగం నిజానికి కంటికీ చెవికీ మధ్య ఉన్నదని నేను గట్టిగా నమ్ముతున్నాను. తెర కట్టి వినడం చెవిని అవమానించడం కాదు. దాని మాటకు విలువ ఇవ్వడమే.

అయినా గ్రాఫు తీర్చలేని ప్రశ్న ఒకటి మిగిలింది. ఈ స్పీకర్లు ఉన్నదాన్ని ఉన్నట్టు వినిపిస్తాయి కాబట్టి, పాత రేడియో కచేరీల టేపుల్లోని బుసబుస కూడా పూర్తిగా వినిపిస్తుంది. తెల్లవారుజామున అలాంటి రికార్డింగులు వినేటప్పుడు నేను ట్రెబుల్ కొద్దిగా తగ్గిస్తాను. గీత చదునుగా లేకపోయినా నాకు ఆ గొంతు దగ్గరవుతుంది.

కొనదలచినవారు లెక్క చూసుకోవలసింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన విద్యుత్తుకు స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందన్నది. 2.83 వోల్టులకు మీటరు దూరంలో 85 డెసిబెల్స్ మాత్రమే. అంటే సుమారు ఒక వాటుకు 85, పది వాట్లకు 95, నూరు వాట్లకు 105. కంపెనీ చెప్పే గరిష్ఠం 106. పది అడుగుల దూరంలో కూర్చుని గాత్రం, వీణ, వయొలిన్ వినేవారికి 60 వాట్ల మంచి యాంప్లిఫయర్ చాలు. పెద్ద హాలులో సన్నాయి, డోలు అసలు స్థాయిలో మోగాలని కోరేవారికి ఇవి చాలవు, 79 హెర్ట్జ్ కిందికి స్థాయి తగ్గుతూ పోతుంది కాబట్టి, అడుగు స్వరాల కోసం విడిగా పెట్టే సబ్‌వూఫర్ కూడా తప్పదు. మా గదిలో దాని అవసరం ఇంతవరకు కలగలేదు. కుర్చీ ఉండవలసిన చోట టైల్ మీద వేసిన సుద్దగీత మాత్రం ఇంకా అలాగే ఉంది.