ఒకర్ని తీయమంటే అందర్నీ తీసింది: హైబర్నేట్ మెనీ టు మెనీతో నాలుగేళ్లు

నాలుగేళ్లుగా రోజూ హైబర్నేట్‌తోనే పని. జావా ఆబ్జెక్టుల్ని డేటాబేస్ టేబుళ్లతో కలిపే లైబ్రరీ అది. అందులో మెనీ టు మెనీ (ఒక కోర్సుకి చాలామంది విద్యార్థులు, ఒక విద్యార్థికి చాలా కోర్సులు) కలపడం ఎంత సులువో చూసి మొదట్లో మురిసిపోయాను. కోర్సు క్లాసులో విద్యార్థుల లిస్ట్ పెట్టి పైన ఒక యానొటేషన్ (@ తో మొదలయ్యే గుర్తు) తగిలిస్తే చాలు, ఎవరు ఏ కోర్సులో ఉన్నారో దాచే మధ్యలోని జాయిన్ టేబుల్ సంగతి అదే చూసుకుంటుంది. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఇదే నేర్పాను. ఆ ‘అదే చూసుకోవడం’ మీదే ఇప్పుడు నా కోపమంతా.

ఒకరోజు, ఎవరో మానేశారని ఒక కోర్సులోంచి ఒక విద్యార్థిని తీసేశాం. మర్నాడు రిపోర్టు తెరిస్తే మిగతా 411 మందీ నిన్ననే చేరినట్టు ఉంది! చేరిన తేదీ కాలమ్‌ని మేం జావాలో మ్యాప్ చేయలేదు. అప్పటి సమయం దానంతటదే పడేలా ఆ జాయిన్ టేబుల్‌లోనే డీఫాల్ట్ పెట్టుకున్నాం. రెండు రోజులు కోడ్ తిరగేశాం. ఎవరైనా స్క్రిప్ట్ నడిపారేమోనని ఒకరినొకరు అనుమానించుకున్నాం కూడా. చివరికి టెస్ట్ సర్వర్‌లో, డేటాబేస్‌కి వెళ్లే ఆదేశాలు చూపే ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి అదే పని మళ్లీ చేశాను. ముందు ఒక డిలీట్ వచ్చింది. దాని షరతులో కోర్సు ఐడీ ఉంది, విద్యార్థి ఐడీ లేదు. దాని వెనకే ఇన్సర్ట్, ఇన్సర్ట్, ఇన్సర్ట్... స్క్రీన్ ఆగకుండా పరుగెడుతూనే ఉంది.

తప్పంతా దానిదే అనలేను. వరుస నంబరు కాలమ్ లేని లిస్ట్‌ని హైబర్నేట్ ‘బ్యాగ్’ అనుకుంటుంది. బ్యాగ్‌లో ఒకే జత రెండుసార్లు ఉండొచ్చు కాబట్టి ఏ రో తీయాలో దానికి తేలదు. అన్నీ చెరిపేసి మిగిలినవి మళ్లీ రాస్తుంది. అలా రాసినప్పుడే అందరికీ కొత్త తేదీ పడింది. డాక్యుమెంటేషన్‌లో ఈ ముక్క ఉంది. నేనే చదవలేదు.

లిస్ట్ తీసి, ఒకే అంశం రెండుసార్లు ఉండని సెట్ పెట్టగానే ఒక్క రో డిలీట్‌తో సరిపోయింది. అలాగని సెట్‌తో తలనొప్పి లేదని కాదు. రెండు ఆబ్జెక్టులు ఒకటేనా అని సెట్ తేల్చుకునే ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ మెథడ్లు జాగ్రత్తగా రాసుకోవాలి. ఐడీ ఇంకా రాని ఆబ్జెక్ట్‌కి ఐడీ మీదే హ్యాష్ కడితే, సేవ్ అయ్యాక అది సెట్‌లో ఉండీ దొరకదు. పైగా ఒకర్ని తీయాలన్నా ముందు 412 మందినీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. అందుకే చివరికి జాయిన్ టేబుల్‌కి ‘నమోదు’ అని వేరే ఎంటిటీ (టేబుల్‌కి సరిపడే జావా క్లాసు) రాసి, చేరిన తేదీని దాంట్లో పెట్టాను. పాత తేదీలు బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం.

యూజర్లు, రోల్స్ దగ్గర మాత్రం ఇప్పటికీ మెనీ టు మెనీయే వాడుతున్నాను, సెట్‌తో. ఒక్కొక్కరికి నాలుగైదు రోల్స్ మించవు, మధ్య టేబుల్‌లో రెండు ఐడీలు తప్ప ఇంకేం లేవు. మీ డేటా అంతా ఇలాంటిదే అయితే పైన చెప్పిన గోల మీకు ఎప్పటికీ ఎదురుకాకపోవచ్చు. మా కోర్సుల్లో విద్యార్థులు వందల్లోకి పెరిగారు గనక బయటపడింది.